బతికాడట, బతికాడు – దీర్ఘాయుష్కుల కథనాలపై ఒక పరిశీలన

తెలుగులో నూరు అన్నది ఒక్కోసారి అంకె కాదు. తలుచుకుంటూండగా గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూసి "నీకు నూరేళ్ళాయుష్షు" అంటాం. నలభై ఏళ్ళకే పోయినవాడి గురించి కూడా "నూరేళ్ళు నిండాయి" అంటాం. దణ్ణం పెట్టిన పిల్లవాణ్ణి "నిండు నూరేళ్ళు బతకరా" అని దీవిస్తాం. ఈ మూడు చోట్లా ఎవరూ వేళ్ళు మడిచి లెక్కపెట్టరు. అదే మనిషి సహస్ర చంద్ర దర్శనం చేసుకోవాలంటే మాత్రం పంచాంగం ముందు వేసుకుని కూర్చుంటాడు. వెయ్యి పున్నములు గడవాలంటే సుమారు 80 ఏళ్ళ 10 నెలలు కావాలి. దీవెన లెక్క వేరు, తిథి లెక్క వేరు అన్న తెలివిడి మన వాడుకలోనే ఉందన్నమాట. ఆ రెండు లెక్కలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినప్పుడు ఏం పోగొట్టుకుంటామన్నది ఈ వ్యాసంలో చూడబోతున్నాం.

అమెరికా తెలుగు సంఘాల ప్రత్యేక సంచికలు చాలా ఏళ్ళుగా చదువుతున్నవాణ్ణి. వాటిలో కథలకీ కవితలకీ విమర్శకులున్నారు గానీ, "మా తాతగారికి నూట నాలుగేళ్ళు" అంటూ వచ్చే రచనలని రచనలుగా చూసినవాళ్ళు లేరు. నిజానికి అదొక ప్రక్రియ. దానికీ కొన్ని లక్షణాలున్నాయి. మొదటి వాక్యంలోనే వయసు వస్తుంది. ఆ వయసు ఎలా తెలిసిందో చివరిదాకా రాదు. రెండో పేరాలో రాగి సంకటో చద్దన్నమో ఉంటుంది. మూడో పేరాలో ఆ పెద్దాయన ఇప్పటికీ కళ్ళజోడు లేకుండా పేపరు చదువుతారు. చివర మనందరికీ ఆయన ఆదర్శం. ఇంతా చదివాక, ఆయన నూరేళ్ళు ఎక్కడ గడిపారో, ఏం చూశారో, ఏం పోగొట్టుకున్నారో మనకు తెలియదు. అంకె మిగిలింది, మనిషి జారిపోయాడు.

ఈ ప్రక్రియ ఇకమీదట పెరిగేదే గాని తగ్గేది కాదు. 1965 వలస చట్టం తరవాత ఇక్కడికి వచ్చిన మొదటి తరం వాళ్ళు ఎక్కువమంది 1940 ప్రాంతాల్లో పుట్టినవాళ్ళు. వాళ్ళు నూరేళ్ళ అంచుకి రావడానికి ఇంకెంతో కాలం లేదు. వాళ్ళు తెచ్చుకున్న తల్లిదండ్రుల్లో కొందరు ఇప్పటికే ఆ అంచు మీద ఉన్నారు. అంచేత ఈ రచనలని ఎలా రాయాలి, ఎలా చదవాలి అన్న ప్రశ్న ఇప్పుడే వేసుకోవడం మంచిది.

'ట' ఎక్కడ పోయింది?

మన భాషలో 'ట' అనే చిన్న ప్రత్యయం ఉంది. "మూడువందల ఏళ్ళు బతికాడు" అంటే నేను పూచీ పడుతున్నాను. "మూడువందల ఏళ్ళు బతికాడట" అంటే విన్నమాట చెబుతున్నాను. ఇంత తేలిగ్గా సాక్ష్యానికీ వినికిడికీ మధ్య గీత గీసే సదుపాయం చాలా భాషల్లో లేదు. దీర్ఘాయుష్షు కథలు ఎలా పెరుగుతాయో చూడాలంటే ఈ 'ట' ఎక్కడ రాలిపోయిందో వెతికితే చాలు.

మనవాళ్ళలో అతి దీర్ఘాయుష్షు అనగానే వినిపించే పేరు త్రైలింగస్వామి. విజయనగరం ప్రాంతంలో పుట్టి, కాశీలో స్థిరపడి, 1887లో అక్కడే సిద్ధి పొందిన తెలుగు యోగి. ఆయన చారిత్రక వ్యక్తే, సందేహం లేదు. 1868లో రామకృష్ణ పరమహంస కాశీలో ఆయన్ని దర్శించుకున్నారు. 1946లో న్యూయార్కులో వెలువడిన యోగానంద ఆత్మకథ ఆయన పేరుని అమెరికా పాఠకుల దాకా తెచ్చింది. అందులోనూ మూడువందల ఏళ్ళ మాట కనిపిస్తుంది. సంప్రదాయం ప్రకారం ఆయన పుట్టింది 1607లో, కాశీ చేరింది 1737లో. అంటే 280 ఏళ్ళు. మరో లెక్కలో జననం 1529కి వెళుతుంది, అప్పుడు వయసు 358. రెండు లెక్కలకీ మధ్య 78 ఏళ్ళ తేడా ఉంది. ఒక నిండు మనిషి జీవితమంత తేడా!

ఇక్కడ నేను భక్తులతో తగవు పెట్టుకోవడం లేదు. మహాత్ముల చరిత్రకు దాని ధర్మం దానికుంది. అందులో అంకె పూజాద్రవ్యం లాంటిది. పువ్వులు తూకం వేసి సమర్పించరు. పేచీ ఎక్కడంటే, అదే అంకెని గుళ్ళోంచి తీసుకొచ్చి "ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ కాలం బతికిన తెలుగువాడు" అని సంచికలో వేసినప్పుడు. అప్పటిదాకా ఉన్న 'ట' అక్కడ రాలిపోతుంది. సంచికలో వేసిన వాక్యం రికార్డు వాక్యం. రికార్డు వాక్యానికి కాగితం అడిగే హక్కు పాఠకుడికి ఉంటుంది.

కాగితం సంగతి అలా ఉంచి, లెక్క సంగతి చూద్దాం. నూటపది దాటిన వాళ్ళ వయసులను పలు దేశాల్లో పత్రాలతో సరిచూసి కూర్చిన అంతర్జాతీయ పట్టిక ఒకటి ఉంది. దాన్ని విశ్లేషించి 2010లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఆ వయసు దాటాక ఏటా మరణించే అవకాశం సుమారు సగం. అంటే ప్రతి పుట్టినరోజుకీ ఒక నాణెం ఎగరేసినట్టే. బొమ్మ పడితే మరో ఏడు. ఫ్రాన్సులో జాన్ కాల్మాఁ 1875లో పుట్టి 1997లో 122 ఏళ్ళ 164 రోజుల వయసులో పోయింది. నూటపది నుంచి అక్కడికి చేరాలంటే వరసగా పన్నెండుసార్లు బొమ్మ పడాలి. 4,096 మందిలో ఒకరికి పడుతుంది. అరుదే గాని అసాధ్యం కాదు. నూటయాభైకి చేరాలంటే నలభైసార్లు పడాలి. లక్ష కోట్ల మందిలో ఒకరికి. ఇంతవరకూ భూమ్మీద పుట్టిన మనుషులందరూ కలిసి పన్నెండు వేల కోట్లకు లోపేనని జనాభా నిపుణుల అంచనా. ఇక 280 అంటే, ఒకటి పక్కన యాభైఒక్క సున్నాలు రాసుకోవాలి.

వేరే మనిషి కాగితం

అమెరికాలో ఈ కథలకు పాత చరిత్రే ఉంది, అది అంత సరదా చరిత్ర కూడా కాదు. 1835లో పి. టి. బార్నమ్ అనే ప్రదర్శకుడు జాయిస్ హెత్ అనే నల్లజాతి బానిస స్త్రీని ఊరూరా తిప్పి చూపించాడు. ఆమె వయసు 161 అనీ, పసివాడైన జార్జి వాషింగ్టన్‌ని పెంచిన దాది అనీ ప్రచారం. ఆమెకు చూపు లేదు, కాళ్ళూ చేతులూ దాదాపు కదలవు. సాక్ష్యంగా ఒక క్రయపత్రం చూపేవాళ్ళు: వాషింగ్టన్ తండ్రి 1727లో 54 ఏళ్ళ బానిస స్త్రీని అమ్మినట్టు. 1836 ఫిబ్రవరిలో ఆమె చనిపోతే బార్నమ్ శవపరీక్షకీ టికెట్టు పెట్టాడు, తలకి యాభై సెంట్లు. కోసి చూసిన డాక్టరు ఆమెకు ఎనభైకి మించి ఉండవన్నాడు. ఈ ఉదంతం మీద బెంజమిన్ రైస్ 2001లో ఒక మంచి పుస్తకం రాశాడు.

ఈ కథలో నన్ను ఆపేది బార్నమ్ అబద్ధం ఒక్కటే కాదు, ఆ క్రయపత్రం. ఆ కాగితాన్ని నిజమైనదే అనుకుందాం. 1727లో ఎవరో ఒక 54 ఏళ్ళ స్త్రీ అమ్ముడుపోయే ఉండవచ్చు. అయితే ఆ స్త్రీయే 1835లో వేదికమీద కూర్చున్న స్త్రీ అని చెప్పేది ఏమిటి? వయసు నిర్ధారణలో అసలు చిక్కు ఇదే. కాగితం నిజమైనంత మాత్రాన సరిపోదు, కాగితంలో ఉన్న మనిషీ మన ఎదుట ఉన్న మనిషీ ఒకరే అని తేలాలి.

రెండో కథ చార్లీ స్మిత్‌ది. ఫ్లోరిడాలో ఉండేవాడు. తనని పన్నెండేళ్ళ వయసులో, 1854లో, లైబీరియా నుంచి ఓడలో తెచ్చి అమ్మారని చెప్పేవాడు. 1972లో అపోలో 17 ప్రయోగం చూడటానికి నూటముప్ఫై ఏళ్ళ వృద్ధుడిగా అతన్ని అతిథిగా పిలిచారు. 1978లో అతని జీవితం మీద టెలివిజన్ చిత్రం వచ్చింది. 1979లో 137వ ఏట పోయాడన్నారు. అయితే ఫ్లోరిడాలోని ఆర్కేడియాలో 1910లో రాసిన అతని పెళ్ళి పత్రం ఒకటి బయటపడింది. దాని ప్రకారం అప్పుడతనికి 35 ఏళ్ళు. అంటే పోయేనాటికి సుమారు 104.

నూటనాలుగు! ఎవరైనా చేతులెత్తి మొక్కవలసిన వయసు. కానీ 137 అన్నాక 104 అనేసరికి అది దొంగతనం పట్టుబడ్డట్టు వినిపిస్తుంది. లేని ముప్ఫైమూడేళ్ళు కలపడం వల్ల ఉన్న నూటనాలుగేళ్ళకీ విలువ పోయింది. అతను నిజంగా చూసిన అమెరికా, అంటే బానిసత్వం రద్దయిన తరవాతి దక్షిణాదిలో ఒక నల్లజాతి మనిషి ఎలా బతికాడన్నది, ఎవరూ అడగలేదు. అందరూ ఓడ కథే అడిగారు.

న్యాయానికి ఇంకో మాట కూడా చెప్పాలి. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలని యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు అన్న గళ్ళలో రాశారు. సాధారణంగా వాళ్ళ పేర్లే రాయలేదు. నూరేళ్ళు దాటారనుకున్న కొందరి పేర్లు మాత్రం అక్కడక్కడ దొరుకుతాయి. నల్లవాళ్ళందరి పేర్లూ లెక్కల్లోకి ఎక్కింది 1870లోనే. పేరు రాయని ప్రభుత్వం ఆ తరవాత కాగితం ఏదని అడిగితే ఆ ప్రశ్నలో కొంత క్రూరత్వం లేకపోలేదు. అయినా అడగకుండా వదిలేసినప్పుడు ఆ ఖాళీలోకి ఎవరు వచ్చారో చూశాం. బార్నమ్ వచ్చాడు.

మూడో కథ మనలాంటి వలస మనిషిది. క్రిస్టియన్ మార్టెన్‌సెన్ 1882లో డెన్మార్క్‌లో ఒక పల్లెలో పుట్టి, 1903లో అమెరికా వచ్చి, 1998లో కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్‌లో 115 ఏళ్ళ 252 రోజుల వయసులో పోయాడు. బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ విల్మత్, డెన్మార్క్ పరిశోధకులూ కలిసి ఆయన బతికుండగానే, 1996లో, వయసుని నిర్ధారించారు. ఎలా? అక్కడి చర్చిలో జ్ఞానస్నానం రాసిన పుస్తకం, అక్కడి జనాభా లెక్కలు, ఇక్కడి కాగితాలు అన్నీ ఒక దారానికి గుచ్చి. వదిలొచ్చిన ఊరి పుస్తకమే ఇక్కడ ఆయనకు సాక్ష్యం చెప్పింది.

ఎలా తేలుస్తారు?

జానపద విజ్ఞానానికి ఇంగ్లీషులో 'ఫోక్‌లోర్' అన్న పేరు పెట్టినవాడు విలియం టామ్స్, 1846లో. ఆ మనిషే 1873లో దీర్ఘాయుష్షు కథలమీద ఒక పుస్తకం రాసి, నూరు దాటారన్న వాళ్ళందరికీ రుజువు అడిగాడు. జానపద కథని ప్రేమించినవాడే ఇది కథ, ఇది లెక్క అని విడదీశాడన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

ఇప్పటి పద్ధతి స్థూలంగా ఇది. పుట్టినప్పటికి దగ్గరగా రాసిన కాగితం ఒకటి, నడివయసులో రాసింది ఒకటి, చివరి రోజుల్లో రాసింది ఒకటి ఉండాలి. ఇంటిపేరు మారితే మార్పుని చూపే పత్రం ఉండాలి. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పుట్టిన తేదీలు, పిల్లల పుట్టిన తేదీలు దీనికి అడ్డుపడకూడదు. 1990లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన జెరంటాలజీ రిసెర్చ్ గ్రూప్ వంటి సంస్థలు చేసే పని ఇదే. అమెరికాలో పుట్టినవాళ్ళకు 1900 జనాభా లెక్క వరం లాంటిది, అందులో పుట్టిన నెల, సంవత్సరం రెండూ అడిగి రాశారు.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ఏమరుపాటుగా ఉంటే పండితులూ బోల్తా పడతారు. 1973లో హార్వర్డ్ వైద్యుడు అలెగ్జాండర్ లీఫ్ నేషనల్ జియోగ్రాఫిక్‌లో ఈక్వడార్‌లోని విల్కబంబ లోయ వృద్ధుల గురించి రాశాడు. కొన్నేళ్ళకి మళ్ళీ వెళితే, ఒక పెద్దాయన వయసు గడిచిన ఏళ్ళకన్నా ఎక్కువ పెరిగి ఉంది! అప్పుడు లీఫ్ అనుమానించాడు. విస్కాన్సిన్‌కు చెందిన రిచర్డ్ మజెస్, మానవశాస్త్రజ్ఞురాలు సిల్వియా ఫోర్మన్ అక్కడి చర్చి పుస్తకాలు తిరగేసి 1979లో తేల్చింది ఏమంటే, ఆ ఊళ్ళో నూరేళ్ళవాడు ఒక్కడూ లేడు. అందరికన్నా పెద్ద వయసు 96. లీఫ్ దాన్ని ఒప్పుకున్నాడు. తాతల పేర్లే మనవలకు పెట్టడం వల్ల ఒకరి పుట్టుక ఇంకొకరికి అంటుకోవడం ఆ చిక్కులో ఒక భాగం.

కాగితాలు పక్కాగా ఉన్న దేశాలకీ ఇది తప్పలేదు. 2010లో జపాన్‌లో కుటుంబ నమోదు పుస్తకాలు తనిఖీ చేస్తే, నూరు దాటి బతికున్నట్టు రాసి ఉన్నవాళ్ళలో 2,34,000 మందికి పైగా ఆచూకీ లేదని తేలింది. అమెరికాలో ఒక్కో రాష్ట్రంలో జనన నమోదు పూర్తిగా అమల్లోకి వచ్చాక, నూటపదేళ్ళ వాళ్ళ సంఖ్య 69 నుంచి 82 శాతం దాకా తగ్గిందని సాల్ న్యూమన్ 2019లో చూపించాడు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2024లో ఆయనకి వచ్చింది.

మన ఇళ్ళలో కాగితాలు

తాతపేరు మనవడికి పెట్టడం అనగానే మన ఇళ్ళు గుర్తుకు రాక మానవు. ఇంటిపేరు ఒకటే, అసలు పేరు ఒకటే, ఊరు ఒకటే, ఒకోసారి పొలం సర్వే నంబరు కూడా ఒకటే. ఇలాంటి చోట అరవై ఏళ్ళ తప్పు దొర్లడం ఎంతసేపు?

మన కాగితాల సంగతి ఇక్కడ స్థిరపడ్డ ప్రతివారికీ అనుభవమే. గ్రీన్‌కార్డు వేళ జనన పత్రం దొరకక, దొరకలేదన్న పత్రం ఒకటి, పెద్దవాళ్ళ చేత ప్రమాణపత్రాలు రెండు తెప్పించుకున్నవాళ్ళం. మద్రాసు రాజధానిలో 1899 చట్టంతో జనన మరణాల పుస్తకం ఊళ్ళలో ఉండేది గాని, చాలా పేజీల్లో తండ్రి పేరు, "ఆడ శిశువు" అన్న మాట తప్ప పిల్ల పేరు ఉండదు. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరాలు రాశారు. మామూలు లెక్కలోకి రావాలంటే సుమారు 590 కలపాలి. ఇక పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టినరోజు ఎవరిది? చాలాసార్లు హెడ్మాస్టరుగారిది. బళ్ళో వేయడానికి సరిపోయేట్టు జూన్‌లోనో జులైలోనో ఒక తేదీ వేసేవారు. అందుకే మనలో ఎంతోమందికి రెండు పుట్టినరోజులు.

జాతకం ఉందిగా అనవచ్చు. ఉంది, మంచి సాధనం కూడా. కాకపోతే దాన్ని చదవడం తెలియాలి. చాలా జాతకాల్లో శకం అంకె ఉండదు, ప్రభవాది అరవైలో ఒక సంవత్సరం పేరు ఉంటుంది. విళంబి అంటే 1898 కావచ్చు, 1958 కావచ్చు. గ్రహాల్ని బట్టి తేలుస్తామంటారా, ఇక్కడే ఒక తమాషా ఉంది. అరవై ఏళ్ళలో గురువు సుమారు ఐదు చుట్లు, శని సుమారు రెండు చుట్లు తిరుగుతాయి. అరవై ఏళ్ళ చక్రానికి పునాదే అది. కాబట్టి అరవై ఏళ్ళ ఎడంగా పుట్టిన తాతా మనవళ్ళ చక్రాల్లో గురువు, శని దాదాపు అక్కడక్కడే ఉంటారు. పట్టిచ్చేది రాహువు. రాహువు చుట్టు పద్ధెనిమిదిన్నర ఏళ్ళ పైచిలుకు. అరవై ఏళ్ళకి మూడు చుట్లు పోగా ఇంకా 80 డిగ్రీలు, అంటే రెండున్నర రాశులకు పైగా జరిగి ఉంటాడు. దానికి తోడు తిథి, వారం కుదరాలి. ఇంత చూశాక సంవత్సరం ఏదో తేలిపోతుంది.

సంవత్సరం తేలినా మనిషి తేలకపోవచ్చు. 2023లో నా మిత్రుడొకరు వాళ్ళమ్మగారికి శతమాన ఉత్సవం తలపెట్టి, సంచికకి వ్యాసం రాయమని నన్ను అడిగారు. పాస్‌పోర్టులో 1930 జులై 1 ఉంది. ఇంట్లో జాతకం మాత్రం రుధిరోద్గారి అని ఉంది, అంటే 1923–24. గ్రహాలు, తిథి, వారం సరిచూశాను. అన్నీ కుదిరాయి, జాతకం నిఖార్సయినది. కానీ ఆవిడ పెళ్ళి శుభలేఖ కూడా ఉంది, 1942 నాటిది. జాతకం ప్రకారమైతే పెళ్ళినాటికి ఆవిడకి పద్ధెనిమిదో పంతొమ్మిదో ఉండాలి. ఆ కాలంలో, ఆ కుటుంబంలో, అంతవరకూ ఆడపిల్లని పెళ్ళి లేకుండా ఉంచడం నాకు నమ్మశక్యంగా కనిపించలేదు. ఫోనులో ఆవిడనే అడిగాను.

"పిన్నిగారూ, పెళ్ళినాటికి మీకెన్నేళ్ళండీ?"

"పద్నాలుగు నిండాయి నాయనా. ఆ జాతకం నాది కాదు, అక్కది."

మిత్రుడికి ఆ అక్క ఉన్నట్టే తెలియదు. నాయనమ్మ పేరు పెట్టుకున్న మొదటి పిల్ల మూడేళ్ళకే పోతే, ఆ పేరు ఇంట్లో నిలవాలని తరవాత పుట్టిన పిల్లకీ అదే పేరు పెట్టారు. మొదటి పిల్లకి జాతకం రాయించారు. రెండో పిల్లకి రాయించడానికి భయపడ్డారు. ఆవిడ పుట్టింది విభవలో, 1928లో. ఈ సంగతి తొంభైఐదేళ్ళ మనిషిని ఇంతకుముందు ఎవరూ అడగలేదు. మా మిత్రుడు మొదట నొచ్చుకున్నారు, హాలు కూడా మాట్లాడుకున్నారు మరి. ఆవిడ మాత్రం, "అయితే ఇంకో అయిదేళ్ళు ఉండమంటావా?" అని నవ్వారు. ఆ తరవాత గంటసేపు, మిత్రుడు ఎన్నడూ వినని అక్క గురించి చెప్పారు. తాను కళ్ళారా చూడని ఆ పిల్ల గురించి తల్లి ఏడాదికొకసారి ఏం చేసేదో చెప్పారు. ఆ వ్యాసంలో నేను నూరేళ్ళు రాయలేదు. ఆ అక్క గురించి రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. వయసు అడిగితే దొరికింది వయసు ఒక్కటే కాదు.

అడగడం అమర్యాదా?

పెద్దవాళ్ళని కాగితం అడగడం అమర్యాద అని కొందరు అంటారు. కాల్మాఁ వయసుని ఎన్నోసార్లు సరిచూశాక కూడా, 2018లో రష్యా పరిశోధకులు ఆమె స్థానంలో కూతురు నటించిందని వాదించారు. 2019లో ఫ్రెంచి, డేనిష్ శాస్త్రజ్ఞులు మళ్ళీ పత్రాలు తీసి జవాబు చెప్పారు. ప్రశ్న వల్ల ఆమె చిన్నబోలేదు, ఆమె జీవితం గురించి ఇంకా నాలుగు వివరాలు వెలుగులోకి వచ్చాయి.

రెండో అభ్యంతరం బలమైనది. కాగితం లేనంత మాత్రాన మనిషి వయసు అబద్ధమైపోతుందా? కాదు. 2011లో టొరంటోలో నూరేళ్ళ వాడిగా మారథాన్ పూర్తిచేసిన పంజాబీ వృద్ధుడు ఫౌజా సింగ్‌ని గిన్నిస్ వాళ్ళు జనన పత్రం లేదని నమోదు చేసుకోలేదు. ఆయన బ్రిటిష్ పాస్‌పోర్టులో 1911 ఏప్రిల్ 1 ఉంది; ఆ ఊళ్ళో ఆ రోజుల్లో పత్రాలు రాసే ఆచారమే లేదు. 2025 జులైలో ఆయన సొంత ఊరి దగ్గర కారు ఢీకొని పోయారు. ఆయన పరుగు నిజం, వయసు నిరూపణ కానిది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన ఉండగలవు. 'అబద్ధం' అనడం వేరు, 'తేలలేదు' అనడం వేరు. మన 'ట' చేసే పని సరిగ్గా ఇదే.

మూడో అభ్యంతరం, ఇది పాశ్చాత్యుల పద్ధతి అని. ఇది అసలు నిలవదు. మన సాహిత్య చరిత్రకారులు నూరేళ్ళకు పైగా చేస్తున్న కవికాల నిర్ణయం ఇదే కదా! అన్నమాచార్యుల ఆయుష్షు మనకెలా తెలిసింది? రాగిరేకు మీద శకవర్షం అంకె, సంవత్సరం పేరు రెండూ ఉన్నాయి. శకం 1346 క్రోధిలో పదహారేళ్ళవాడు, శకం 1424 దుందుభి ఫాల్గుణంలో పరమపదం. లెక్క కడితే 1408 నుంచి 1503 దాకా, సుమారు తొంభైఐదేళ్ళు. అంకె ఒకటే ఉంటే చెక్కినవాడి చేతి తప్పు కావచ్చు, పేరు ఒకటే ఉంటే అరవై ఏళ్ళ సందేహం. రెండూ ఉన్నాయి కనక నమ్ముతున్నాం. అయిదువందల ఏళ్ళ కిందట తాళ్ళపాకవారు తీసుకున్న జాగ్రత్త మనం పెద్దల పేజీలో తీసుకోవడం లేదు.

ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. పూర్వీకులది మోక్షగుండం, ఇంట్లో తెలుగు. ఆయన శతజయంతికి భారత తపాలా శాఖ 1960 సెప్టెంబరు 15న, ఆయన బతికుండగానే, స్టాంపు వేసింది. ఆ లెక్కన 1860లో పుట్టారు. చాలా పుస్తకాల్లో మాత్రం 1861 ఉంటుంది. 1962 ఏప్రిల్ 14న పోయేనాటికి ఆయనకు నూటొకటా, నూరా? దేశమంతా తెలిసిన ఇంజనీరుకే ఒక ఏడు తేడా ఉంటే, మన అమ్మమ్మలకీ తాతయ్యలకీ ఉండటంలో వింత లేదు. వింతల్లా ఆ తేడాని రాయకుండా దాచడమే.

అందుచేత సంచికల సంపాదకులకీ రచయితలకీ నా మనవి చిన్నది. పెద్దల గురించి రాసినప్పుడు, వయసు పక్కన అది ఎలా తెలిసిందో ఒక వాక్యం వేయండి: జాతకం, శుభలేఖ, సర్టిఫికెట్టు, లేదా ఇంట్లోవాళ్ళ మాట. తేలకపోతే 'ట' ఉంచండి, అది తెలుగే. తోబుట్టువుల వరస అడగండి, పోయినవాళ్ళతో సహా. శుభలేఖలు, పాత ఉత్తరాలు, పొలం కాగితాలు, మొదటి పాస్‌పోర్టు స్కాన్ చేసి పెట్టుకోండి. ఆ కాగితాల్లో ఎవరు ఎవరో చెప్పగలిగిన వాళ్ళు ఉండగానే వెనక పేర్లు రాయించండి. ఆ పని ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.